పేరొచ్చిన చోట ఆగేదాన్ని

“వెళ్తున్నా అంటావేంటయ్యా, వెళ్ళొస్తా అనలేవా?” అన్నాను.

“అయ్యన్నీ నీ కంప్యూటర్ చెప్పుద్దిలేవే” అన్నాడు మా ఆయన, వ్యాను తాళాలు వేలికి తిప్పుకుంటూ.

మేమిద్దరం ఆఖరుగా అనుకున్న మాటలు అవే. ఇంతకంటే మంచివి అనుకుని ఉండాల్సింది గానీ, ఇవి ఆఖరివి అని ముందుగా వచ్చి ఎవరు చెబుతారు? పైగా ఆయన చెప్పింది అబద్ధమూ కాదు. ఆ మాట నిజంగానే కంప్యూటర్ చెప్పేది. చెప్పించింది నేనే.

కంప్యూటర్ అనేది ఇంట్లో వస్తువు కాకుండా, సైకిల్ లాగా గంటల లెక్కన అద్దెకు తీసుకునే వస్తువుగా ఉన్న కాలం అది. ఇప్పుడు తలుచుకుంటే, ఆ మిషన్లు కూడా మనుషుల్లాగానే ఉండేవనిపిస్తుంది. ఒకటి వేడెక్కితే అలిగి ఆగిపోయేది, ఒకటి తడితే గానీ లేచేది కాదు. పటమటలో కోచింగు కాలేజీల వెనక సందులో మా మరిది అలాంటివి అరడజను పెట్టుకుని ఆటల షాపు నడిపేవాడు. పొద్దున నేను కృష్ణలంక మార్కెట్లో చేపలమ్మేదాన్ని. మధ్యాహ్నం చేతులు నిమ్మకాయతో రుద్దుకుని షాపులో గల్లాపెట్టె దగ్గర కూర్చునేదాన్ని. ఎంత రుద్దినా వంజరం వాసన పోయేది కాదు. కాలేజీ పిల్లలు ముక్కు మూసుకుని ఆడుకునేవాళ్ళు, పాపం.

(ఇదంతా రాస్తున్నది ఆ మరిదే. నాకు సంతకం దాకా వచ్చు, అది కూడా తీరిగ్గా కూర్చుంటే. అబ్బాయ్, ముందే చెబుతున్నాను. ఈసారి నేను ఆగిన చోట నీ ఇష్టమొచ్చింది రాయకు. చుక్కలు పెట్టు. ఎందుకో చదివేవాళ్ళకి నేను చెబుతాను.)

నేను కాపురానికి వచ్చేనాటికి మా మరిది నిక్కర్లు వేసుకునేవాడు. నా చేతి ముద్దలు తిని పెరిగాడు కాబట్టి ఏ పిచ్చి పని తలపెట్టినా ముందు నాకే చెప్పేవాడు. ఆ యేడు మా షాపుకి ఎదురుగా కొత్త షాపు వచ్చింది. దాంట్లో ఏసీ, తిరిగే కుర్చీలు, మాకేమో గోడకి కొట్టిన ఫ్యానూ, ప్లాస్టిక్ స్టూళ్ళూ. పిల్లలు ఒక్కొక్కరే రోడ్డు దాటిపోతున్నారు. అప్పుడు వాడు నా దగ్గరికొచ్చి, “వదినా, మన ఆటకి తెలుగు నేర్పుదాం” అన్నాడు.

ఆ ఆట ఏమిటంటే, ఒక మనిషి ఊరంతా బండి నడుపుకుంటూ తిరుగుతాడు. కనపడ్డ బండినల్లా ఎక్కుతాడు, పోలీసులు తరుముతారు. మధ్యమధ్య తెర కింద నల్లటి పట్టీలో ఇంగ్లీషు ముక్కలు వస్తాయి, అటు పో, ఇటు రా అని. ఆటలో బొమ్మలు ఒకచోట, మాటలు ఒకచోట ఉంటాయని, మాటలన్నీ ఒక ఫైలులో విడిగా పడి ఉంటాయని మా మరిది ఎలాగో కనిపెట్టాడు. ఒక్కో మాటకి ఒక గుర్తు ఉంటుందట. ఆట ఆ గుర్తుని పిలుస్తుంది, గుర్తు ఎదురుగా ఏం రాసి ఉంటే అది తెర మీదికి వస్తుంది. నాకు ఇట్టే అర్థమైంది. బందరు రేవులో పెట్టెల మీద గుర్తులుంటాయి, వేలం పాట పాడేవాడు గుర్తునే పిలుస్తాడు. లోపల చందువా ఉందా, మెత్తళ్ళున్నాయా అని వాడు చూడడు. గుర్తు చెరపకూడదు, చేప మార్చుకోవచ్చు. అంతే కదా అంటే, “అంతే వదినా” అన్నాడు.

మార్చడానికి వాడికి మాటలు రావు. పుస్తకాల తెలుగు పెడితే పిల్లలు నవ్వుతారు. అందుకని నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, ఒక్కో ఇంగ్లీషు ముక్కకి అర్థం చెప్పి, “నువ్వైతే ఏమంటావు?” అని అడిగేవాడు. నేను నా గొంతుతో చెప్పేదాన్ని. నా గొంతు సంగతి చెప్పాలి. కట్ట మీద నిలబడి నేను మా ఆయన్ని కేకేస్తే, కృష్ణ అవతల సీతానగరంలో స్నానం చేసేవాళ్ళు ఏమైందోనని ఒడ్డెక్కేవాళ్ళని మా ఆయన అందరికీ చెప్పేవాడు. మా మరిది చెవిలో దూది పెట్టుకుని, తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకుపోయేవాడు. ఆ ఆటకి మన అక్షరాలు రావట. తెర కింద పట్టీ చిన్నది కావడంతో పొడుగు మాటల తోక తెగిపోయేది. “తిట్లు కాస్త పొట్టివి చెప్పు వదినా” అని బతిమాలేవాడు. తిట్టు మధ్యలో తెగితే పడ్డవాడికి అర్థం కాదు, తిట్టినవాళ్ళకి తృప్తి ఉండదు. అయినా సర్దుకున్నాను.

ఒకరోజు నాకు అనుమానం వచ్చింది. “ఇంతకీ ఈ తిరిగే మనిషికి ఇంట్లో ఎవరూ లేరా?” అని అడిగాను.

“లేరు వదినా.”

“మరి అన్నానికెవరు పిలుస్తారు?”

“ఎవరూ పిలవరు. ఆ మనిషి అన్నం తినడు.”

“నేను పిలుస్తాలే, రాసుకో” అన్నాను.

అలా ఆ ఆటలో, ఒక ఇంటి ముందు ఊరికే నిలబడి ఉండే ఆడమనిషి బొమ్మ నోట్లో నా మాటలు పడ్డాయి. బండి ఆ ఇంటి ముందుగా పోతే, “..., అన్నం చల్లారిపోతోంది, ఎక్కడున్నావు?” అంటుంది. బండి నీళ్ళల్లో పడితే ఆట ఆ మనిషిని తీసుకొచ్చి మళ్ళీ ఆ ఇంటి ముందే నిలబెడుతుంది. అక్కడ నేను, “..., కాలవలో పడ్డావా? తడిబట్టలతో నిలబడకు, లోపలికి రా” అని చెప్పాను. పక్కనే కాలవున్న బందరు రోడ్డు మీద చేపల వ్యాను నడిపేవాడి పెళ్ళానికి, నీళ్ళనగానే ఇంకేం తడుతుంది? ఆట మూసేటప్పుడు ఇంగ్లీషులో “నిజంగా వెళ్ళిపోతావా?” అని అడిగేదట. ఇంట్లోంచి బయల్దేరేవాణ్ణి అలా అడుగుతారా ఎవరన్నా? అది తీయించేసి, “వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళు” అని పెట్టించాను. కింద నొక్కడానికి రెండు మాటలు, “వెళ్ళొస్తా” అని ఒకటి, “ఇంకాసేపుంటా” అని ఒకటి.

ఆఖరున మా మరిది ఇంకోటి అడిగాడు. ఎప్పుడైనా ఆట ఒక గుర్తుని పిలిస్తే దాని ఎదురుగా మాట దొరక్కపోతే ఏం చూపించాలి అని. ఒక ఇంటి ముందు నిలబడి పిలిచాం, లోపల ఎవరూ పలకలేదు, ఏమంటాం? “ఉన్నావా?” అంటాం. అదే పెట్టమన్నాను.

ఇక చుక్కల సంగతి. ఆ చోట్లల్లో నిజానికి ఆడేవాడి పేరు రావాలి. దానికి తేలు కొండిలా వంకరగా ఒక కొండిగుర్తు ఉంటుందట. అది పెడితే, ఎవడు ఆడితే వాడి పేరు తనంతట తనే వచ్చి కూర్చుంటుంది. నేను చెప్పేటప్పుడు మాత్రం నా కళ్ళ ముందున్నది ఆటలో మనిషి కాదు కదా. మా ఆయనే. మొగుడి పేరు నోటితో అనకూడదని మా అమ్మ నేర్పింది, వాళ్ళమ్మ ఆవిడకి నేర్పింది. అంచేత పేరొచ్చిన చోట ఆగి, ఒక్క క్షణం ఊపిరి పీల్చుకుని, మిగతాది చెప్పేదాన్ని. ఊళ్ళో ఆడవాళ్ళంతా అలాగే మాట్లాడతారు, విన్నవాళ్ళంతా ఆ ఖాళీని మనసులోనే నింపుకుంటారు. చిన్నప్పటి నుంచీ నా ఖాళీలు నింపడం అలవాటైన మా మరిది, కొండిగుర్తు సంగతి మరిచిపోయి, నేను ఆగిన చోటల్లా వాళ్ళన్న పేరు టైపు కొట్టేశాడు.

మర్నాడు పిల్లలొచ్చి ఆట మొదలుపెట్టారు. కాసేపటికి సోడాబుడ్డి (కళ్ళజోడు వల్ల మేం పెట్టుకున్న పేరు, ఇంజినీరింగు సీటు కోసం వచ్చి మా షాపులోనే స్థిరపడ్డాడు) గల్లాపెట్టె దగ్గరికొచ్చి, “ఆంటీ, నన్ను అంకుల్ పేరు పెట్టి పిలుస్తోందండీ” అన్నాడు. పక్కవాడినీ అలాగే పిలుస్తోంది. అరడజను తెరల మీదా మా ఆయనే. షాపంతా నవ్వులు. పిల్లలు ఆ పట్టీలో మాటలు గట్టిగా చదివి ఒకర్నొకరు అన్నానికి పిలుచుకునేవాళ్ళు. వారం తిరక్కుండా ఎదురు షాపు నుంచి పిల్లలు వెనక్కొచ్చేశారు.

మా మరిది సిగ్గుపడి సరిచేస్తానన్నాడు. మా ఆయన వచ్చి చూశాడు. కోపం వచ్చినట్టు మొహం పెట్టాడు గానీ అది మీసం కిందికి దిగలేదు. “పెళ్ళైన కాడ్నుంచి ఒక్కసారన్నా నోరారా పిలిచిన పాపాన పోలా. ఇక్కడ ఊరందరికీ ఇనపడేట్టు పిలుస్తన్నావే” అన్నాడు నాతో. తర్వాత తమ్ముడి వైపు తిరిగి, “ఉండనియ్‌రా, బానే ఉంది” అన్నాడు. అప్పటి నుంచి లోడు దింపాక రోజూ వచ్చి, ఏదో ఒక పిల్లవాడి వెనక చేతులు కట్టుకుని నిలబడేవాడు. తన పేరు వచ్చినప్పుడల్లా “ఆఁ, వస్తన్నా” అనేవాడు. తెర మీద ఆయన పేరు ఎలా ఉంటుందో నాకు చూపించింది కూడా ఆయనే. మొదట పాములాంటి అక్షరం, చివర గిన్నెలాంటి అక్షరం. పాము, గిన్నె. అంతవరకు నేను చదవగలిగేదాన్ని.

ఆ తర్వాతే, నేను మొదట చెప్పిన మాటలు అనుకున్నాం. వానాకాలం సాయంత్రం. తాళాలు వేలికి తిప్పుకుంటూ బందరు వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు కంకిపాడు ఇవతల, చెరుకు ట్రాక్టరుని తప్పించబోయి వ్యాను కాలవలో పడింది. చేపల పెట్టెలు తేలాయి. అంతవరకు చెబుతాను. మిగతాది ఈ కథలోది కాదు.

పెద్దకర్మ అయిపోయాక షాపు తెరిచాం. తెరవక ఏం చేస్తాం? వ్యాను పోయాక చేపల బేరమూ పోయింది, ఇంటికి అదొక్కటే ఆధారం. పిల్లలు వచ్చారు, నా మొహం చూడకుండా వెళ్ళి కూర్చున్నారు. సోడాబుడ్డి బండి వంతెన మలుపు దగ్గర జారి నీళ్ళల్లో పడింది. తెర నల్లబడింది. అలవాటు కొద్దీ వాడు పైకి చదివేశాడు.

“..., కాలవలో పడ్డావా? తడిబట్టలతో నిలబడకు, లోపలికి రా.”

చదివాక గానీ ఏం చదివాడో వాడికి తెలియలేదు. నేను గల్లాపెట్టె దగ్గర నుంచి లేచాను. తెర మీద ఆ మనిషి ఇంటి ముందు నిలబడి ఉన్నాడు. చొక్కా మడత నలగలేదు. ఆటలో నీళ్ళల్లో పడ్డవాళ్ళు పొడిబట్టలతోనే తిరిగొస్తారు. సోడాబుడ్డి చెవులకి పెట్టుకున్నవి తీసి బల్ల మీద పెట్టి, నన్ను దాటుకుని వెళ్ళిపోయాడు.

ఆ మాట సందు దాటి పోయింది. చచ్చిపోయినాయన్ని ఆ షాపులో పేరు పెట్టి పిలుస్తున్నారని, పిలిస్తే వస్తున్నాడని. ధైర్యం చూపించుకోవడానికి ఇద్దరు ముగ్గురు వచ్చేవాళ్ళు, తెర మీద ఒక్క పిలుపు రాగానే లేచి వెళ్ళిపోయేవాళ్ళు. మధ్యాహ్నాలు నేనూ, మా మరిదీ, ఆ మిషన్లూ మిగిలేవాళ్ళం. మీరు ఎప్పుడన్నా గమనించారో లేదో, ఎవరూ ఆడకపోయినా ఆ ఆటలో మనిషి ఊరికే ఉండడు. ఊపిరి పీలుస్తాడు, భుజాలు లేచి దిగుతాయి. కాసేపటికి తల తిప్పి వెనక్కి చూస్తాడు, ఎవరో పిలిచినట్టు. కింద పట్టీలో పాము, గిన్నె. అన్నం చల్లారిపోతోంది. మళ్ళీ తల తిప్పుతాడు. ఖాళీ షాపులో అరడజను మంది ఒకేసారి తల తిప్పి చూస్తుంటే, నేను గల్లాపెట్టె వదిలి బయట మెట్టు మీద కూర్చునేదాన్ని. కాసేపటికి మళ్ళీ లోపలికి వెళ్ళేదాన్ని. బయటా ఉండలేను, లోపలా ఉండలేను.

షాపు అద్దెకి కూడా రాకపోయేసరికి మా మరిది ఒకరోజు నాతో చెప్పకుండా కూర్చుని, ఫైలులో వాళ్ళన్న పేరున్న మాటలన్నీ చెరిపేశాడు. పేరు మటుకు చెరిపితే సరిపోయేది. వాడు ఏడుస్తూ చేశాడట, వరసలకి వరసలే కొట్టేశాడు. మర్నాడు సోడాబుడ్డిని బతిమాలి తీసుకొచ్చి, “ఇంక ఏ పేరూ రాదురా, నాది పూచీ” అని కూర్చోబెట్టాడు. వాడి వెనక నలుగురొచ్చారు. వాడు జేబులోంచి నిమ్మకాయలూ మిరపకాయలూ గుచ్చిన దండ తీసి మిషన్‌కి కట్టి మరీ మొదలుపెట్టాడు.

బండి ఇంటి ముందుగా పోయింది. తెర మీద, “ఉన్నావా?”

సోడాబుడ్డి మా మరిది వైపు చూశాడు. మా మరిది పోనియ్ అన్నట్టు చెయ్యి ఊపాడు. వాడు బండి వేగం పెంచాడు. పోలీసు అడ్డొచ్చాడు, “ఉన్నావా?” అన్నాడు. బండి పోయి నీళ్ళల్లో పడింది. నల్ల తెర మీద, “ఉన్నావా?” పక్క మిషన్ మీదా అదే, ఆ పక్కదాని మీదా అదే. మాట దొరకని ప్రతి గుర్తు ఎదుటా ఆట నేను నేర్పిన మాటే అడుగుతోంది. భయపడి మూసేద్దామని నొక్కితే, ‘వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళు’ అన్నది వచ్చింది, దాంట్లో పేరు లేదు కాబట్టి అది చెరగలేదు. అంతే, చెప్పకుండానే వెళ్ళారు. ఒకడు చెప్పులు వదిలేసి పోయాడు. చాన్నాళ్ళు అవి మా గుమ్మంలోనే ఉన్నాయి, తీసుకోవడానికి ఎవడూ రాలేదు. నిమ్మకాయల దండ మాత్రం మిగిలింది. ఆ పూట పులిహోర చేశాను.

తిన్నాక మా మరిది చెప్పాడు. “అంతా తీసేసి మళ్ళీ ఇంగ్లీషుదే పెట్టేస్తా వదినా. లేకపోతే నెలాఖరుకి షాపు మూసెయ్యాల. నువ్వు వద్దంటే మాత్రం చెయ్యను.”

పొట్ట సంగతి నాకు తెలియదా? కానీ వాడు తీసేస్తానంటున్నది ఏమిటి? నేను పిలవలేని పేరుతో, నా మాటలతో, ఆయన్ని పిలిచే చోటు భూమ్మీద అదొక్కటే.

“తీసెయ్యి. ముందు ఒక దాంట్లో పాతవి పెట్టు. నేనొకసారి ఆడతాను” అన్నాను.

చెరపకముందు దాచుకున్న నకలు తెచ్చి పెట్టాడు. నేను మొదటిసారి ఆ స్టూలు మీద కూర్చుని బండి నడిపాను. నడిపానంటే, నాలుగు బాణం గుర్తులున్న మీటల మీద అట్లకాడ పట్టుకున్నట్టు చెయ్యేసి నొక్కాను. దీపస్తంభం గుద్దాను, కొట్టుని గుద్దాను, నడిచిపోయే ఒకాయన్ని గుద్ది క్షమించమని గట్టిగా అడిగాను. మా మరిది నవ్వాడు, వాళ్ళన్న పోయాక వాడు నవ్వడం అదే మొదటిసారి. తర్వాత కావాలనే బండిని నీళ్ళల్లోకి దించాను. తెర నల్లబడింది. పాము, గిన్నె. ఆ మనిషి ఇంటి ముందు నిలబడ్డాడు. భుజాలు లేచి దిగాయి. తల తిప్పి, తెరలోంచి నా వైపుకి చూశాడు. ఒట్టు, చూశాడు. మా మరిది కూడా చూశాడు. (చూశావు కదా అబ్బాయ్? చూశాననే రాయి.)

“ఇంక మూసెయ్యనా వదినా?” అన్నాడు.

మూసేటప్పుడు అది అడిగింది, వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళు. కింద రెండు మాటలు. ఏది ఏదో నాకు తెలియదు. మా మరిది వేలు పట్టుకుని, “ఇది వెళ్ళొస్తా. ఇది ఇంకాసేపుంటా” అని చూపించాడు. ఆ రెండో దాని మీద నా వేలు కాసేపు ఆగింది. ఎవరికి మటుకు ఆగదు?

“మీ అన్న అనకుండా పోయాడు కదా. ఆయన బదులు నేను అంటున్నా” అన్నాను. వెళ్ళొస్తా మీద నొక్కాను.

తెర ఆరిపోయి, అద్దంలోలాగా నా మొహం కనపడింది. వెనక మా మరిది మొహం. ఇంకెవరూ లేరు. లేరని రెండుసార్లు చూసుకున్నాను.

ఇంగ్లీషు ఆట పెట్టాక పిల్లలు మెల్లగా వచ్చారు. షాపు నిలబడింది, ఇంటింటికీ కంప్యూటర్లు వచ్చేదాకా మాకు అన్నం పెట్టింది. సోడాబుడ్డి మాత్రం ఆట మూసేటప్పుడు ఇంగ్లీషులో అడిగినా సరే, పైకి “వెళ్ళొస్తా” అని చెప్పిగానీ నొక్కేవాడు కాదు. మా మరిది ఇప్పుడు గన్నవరంలో ఇంట్లోనే కూర్చుని, ఫోన్లలో కనపడే మాటలు తెలుగులోకి మార్చే పని చేస్తున్నాడు. మాట దొరకని చోట ఇప్పటికీ ముందు ‘ఉన్నావా?’ అని పెట్టుకుని, పని అప్పజెప్పేటప్పుడు తీసేస్తాడట. అన్నీ తీస్తున్నాడో లేదో. ఎప్పుడన్నా మీ ఫోను ఏ కారణమూ లేకుండా ఆ మాట అడిగితే భయపడకండి. అది నేను. ఉన్నాననండి, సరిపోతుంది.

అట్లకాడ పట్టుకున్నట్టు మీటలు నొక్కుతూ, బొమ్మకి క్షమాపణ చెప్పిన అప్పటి నన్ను తలుచుకుంటే నాకిప్పుడు నవ్వొస్తుంది. దగ్గరికెళ్ళి, ఇంకాసేపుండి పోరాదూ అని చెప్పాలనీ అనిపిస్తుంది.

ఇంక చాలు. గొంతు పోయింది. అబ్బాయ్, ఇప్పుడు మొదటి నుంచీ చదివి వినిపించు. కళ్ళు మూసుకుని వింటాను. చుక్కలొచ్చిన చోట ఆగకు. అక్కడ మీ అన్న పేరు పెట్టి చదువు.